అక్క గొంతు మీద రెండు వేళ్ళు

మన వడ్రంగి ఉత్త అనుమానపు పక్షి. చెక్క తెచ్చినవాణ్ణి నమ్మడు, ఆ చెక్కను నమ్మడు, ఆఖరికి తన టేపును తనే నమ్మడు. ఒకసారి కొలిచిందాన్ని మళ్ళీ కొలుస్తాడు. అదీ చాలక జానతో వేసి చూసుకుంటాడు. అలాగని అతన్ని తప్పుపట్టడానికి లేదు. మూడో ఏట జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. చెవులతో పాటే మాటా పోయింది. చుట్టూ నలుగురు చేరి మూతులాడించుకుంటూ నవ్వుకుంటుంటే, వాళ్ళు వాన గురించి నవ్వుతున్నారో తన గురించి నవ్వుతున్నారో తెలియనివాడికి అనుమానం రాకపోతే ఇంకెవరికి వస్తుంది చెప్పండి.

లోకం మొత్తం మీద అతను కొలవకుండా నమ్మింది ఒక్క మనిషినే. అక్కని.

అక్క అతనికంటే ఆరేళ్ళు పెద్దది. అమ్మ పోయాక పెంచింది ఆవిడే. బడికి తీసుకెళితే వాళ్ళు తలుపు దగ్గరే తిప్పి పంపేశారట. పోతే పోనీ అనుకుని అక్కాతమ్ముళ్ళిద్దరూ ఇంట్లోనే ఒక చేతుల భాష కల్పించుకున్నారు. అరచేయి చెంపకి ఆనిస్తే రేపు. రెండుసార్లు ఆనిస్తే ఎల్లుండి. ముక్కు చిట్లిస్తే బేరాలాడే మనిషి. గడ్డం కింద వేలితో గీత గీస్తే అక్క, ఎందుకంటే అక్కకి అక్కడ పెద్ద మచ్చ. తమ్ముడికి పదేళ్ళప్పుడు వెనక్కొస్తున్న లారీ హారను వినపడక దాని దారిలోనే నిలబడి మేకుతో ఆడుకుంటుంటే, అక్క పరుగెత్తి వాణ్ణి లాగి పడేసింది. తను పోయి రాతిమీద పడింది. గడ్డం చీలింది. మచ్చ మిగిలింది. దాంతోపాటు ఒక భయం కూడా మిగిలింది. ఇప్పుడతనికి ముప్పై నాలుగేళ్ళు. ఇవాళ్టికీ మేకులు కొనడానికి వీధి చివరి దుకాణానికి వెళ్ళినా అక్క గుమ్మంలో నిలబడి కళ్ళు కాయలు కాసేలా చూస్తుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో అతని పని. వచ్చినవాళ్ళతో మాటలు అక్కవి, చేతలు అతనివి. కోతమిషను బల్ల మీద ఎడమ అరచేయి ఆనించి పెట్టుకుంటాడు. బెల్టు వదులైతే అక్క చెవికి తెలిసేలోపే అతని అరచేతికి తెలిసిపోతుంది.

ఇంతకీ విషయమేమిటంటే, పక్కవీధిలో ఒక పాప ఉంది. ఏడేళ్ళు. పుట్టుకతోనే నడుము నిలవదు, కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. కుర్చీలో కూర్చోబెడితే జారి జారి కిందికొచ్చేస్తుంది. వాళ్ళమ్మ చీరతో కట్టేసి కూర్చోబెట్టేది. అది చూసి మన వడ్రంగికి ఒళ్ళు మండింది. మూడు రోజులు ఆ పాప ఎలా జారుతోందో కూర్చుని చూశాడు. తర్వాత ఒక కుర్చీ చేశాడు. కూర్చునే చెక్కకి ముందు అంచు రెండు వేళ్ళంత ఎత్తు లేపాడు, మోకాళ్ళ మధ్య గుండ్రటి కర్ర ఒకటి నిలబెట్టాడు, పాదాలకి పీట అమర్చాడు. పాప జారడం మానేసింది. తన చేత్తో తను ముద్ద కలుపుకు తినడం మొదలుపెట్టింది. చుట్టూ సగం మెతుకులు రాలుతాయి, అది వేరే సంగతి.

ఆ కుర్చీని ఆసుపత్రిలో ఎవరో చూశారు. చూసినవాళ్ళు ఒక పెద్ద కార్యక్రమం తాలూకు మనుషులు. విదేశాల నుంచి వచ్చే సొమ్ముతో నడిచే కార్యక్రమం. వికలాంగుల కోసం చక్రాల కుర్చీలు, ఊతకర్రలు, పిల్లల కుర్చీలు చేసే కార్ఖానా ఒకటి పెడుతున్నారు. బస్సులో రెండు గంటల దూరం. పాప వాళ్ళమ్మ ఫోనులో ఆ కార్ఖానా ఫొటోలు చూపించింది. ఇంత పొడుగు షెడ్డు, వరసగా మిషన్లు, గోడకి వేలాడుతున్న కొత్త ఉలులు. ఆమె అతని గుండె మీద వేలు పెట్టి, ఫొటోలో మేస్త్రీ నిలబడే చోట పెట్టింది. నిన్నే వెతుకుతున్నారు, వాళ్ళొస్తారు అని దాని అర్థం. వడ్రంగి పైకి ఏమీ ఎరగనట్టు పళ్ళు కుట్టుకుంటూ నిలబడ్డాడు కానీ, ఆ రోజంతా కొలిచిన ప్రతి చెక్కా తప్పే కొలిచాడు. అంతగా కావాలనిపించింది అతనికి ఆ పని. పుట్టాక తనకు తానుగా ఏదైనా కావాలనిపించడం అదే మొదలు.

కావాలనిపించగానే అనుమానం పట్టుకుంది. వస్తారా? వచ్చినా ఫొటో తీసుకుని, ఒక సంచీ, టోపీ చేతిలో పెట్టి పోతారా? రెండేళ్ళ కిందట కూడా ఇలాంటివాళ్ళే ఒకసారి వచ్చారు. అక్కతో గంటసేపు మాట్లాడారు. ఏమన్నారని అడిగితే పేర్లు రాసుకుని పోయారంతే అంది అక్క. అప్పుడిచ్చిన టోపీ ఇంకా మేకుకి వేలాడుతోంది.

వచ్చారు. జీపు దిగింది ఒక ఆఫీసరమ్మ, మెడలో కార్డు, చంకలో ఫైలు. ఆవిడ వెనకే ఒక సన్నటి పెద్దమనిషి. డ్రైవరు వెనక తలుపు తీసి నీలం రంగు వేసిన పిల్లల కుర్చీ ఒకటి దించాడు. నున్నగా మెరుస్తోంది. ఎక్కడో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు గీసిన నమూనాలా ఉంది. వడ్రంగి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కూర్చునే చెక్క చదునుగా ఉంది. అద్దంలా ఉంది. పాప దీని మీద జారుడుబల్ల ఆడుకోవాల్సిందే అనుకున్నాడు.

ఆ సన్నటి పెద్దమనిషి ముందుకొచ్చి రెండు చేతులూ గాల్లో తిప్పడం మొదలుపెట్టాడు. అబ్బో, ఏం వేగం! వేళ్ళు కలుపుతాడు, విడదీస్తాడు, నుదురు తాకుతాడు, పిడికిలి తిప్పుతాడు. వడ్రంగికి దోమలు తోలుకుంటున్నట్టు కనిపించింది. తర్వాత తెలిసిందేమంటే ఆయన బధిరుల బడిలో నేర్పే చేతుల భాష తెలిసిన మాస్టారు. వినపడనివాడి దగ్గరికి వెళుతున్నాం కదా, అన్నీ పద్ధతి ప్రకారం ఉండాలని ఆఫీసరమ్మ ప్రత్యేకంగా పిలిపించింది. బడి గడప తొక్కనివ్వని మనిషికి బడి భాష ఎలా వస్తుందన్న ఆలోచన మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు. వడ్రంగి తనని ఆటపట్టిస్తున్నారనుకున్నాడు. మొహం గంటు పెట్టుకుని ఉలి తీసి నూరుకోవడం మొదలుపెట్టాడు. చేతుల మాస్టారి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పాపం, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

అప్పుడు అక్క చెంగు సర్దుకుని మధ్యలోకొచ్చింది. నేనున్నానుగా అన్నట్టు. ఆఫీసరమ్మ మొహంలో అమ్మయ్య అన్న తేలిక కనిపించింది.

మాటలు మొదలయ్యాయి. ఆఫీసరమ్మ చాలాసేపు మాట్లాడింది. ఫైలు చూపించింది, రోడ్డు వైపు దూరంగా చెయ్యి చూపించింది, వడ్రంగి వైపు చూసి నవ్వింది. అక్క తమ్ముడి వైపు తిరిగి నాలుగు సైగలు చేసింది.

"కుర్చీ బాగా చేశావంటున్నారు. మెచ్చుకుంటున్నారు."

అంతేనా? ఆవిడ పెదాలు అంతసేపు ఆడాయి. వడ్రంగి కళ్ళు చిన్నవయ్యాయి. కొలతల మనిషి కదా, మూర పొడుగు మాటకి బెత్తెడు సైగ వస్తే పట్టుకోకుండా ఉంటాడా? అడగమన్నాడు.

"కార్ఖానాలో మేస్త్రీ పని సంగతేమిటి? నేనొస్తానని చెప్పు. ఎప్పుడు రమ్మంటారో అడుగు."

అక్క నోరు ఆడింది. ఆఫీసరమ్మ జాలిగా తలూపింది. జాలి ఎందుకు? వస్తానన్నవాణ్ణి చూసి ఎవరైనా జాలిపడతారా? ఆవిడ మళ్ళీ ఏదో అడిగింది. అక్క ఈసారి చాలాసేపు మాట్లాడింది. తను చెప్పింది నాలుగు ముక్కలు, అక్క చెబుతున్నది నలభై. చివరికి అక్క ఇటు తిరిగింది.

"ఆ పని ఇంకా ఖాయం కాలేదట. తర్వాత చూద్దామంటున్నారు."

వడ్రంగి ముందు ఆఫీసరమ్మనే అనుమానించాడు. ఆశపెట్టి ఎగ్గొడుతోంది, సంచీ టోపీ బాపతే అనుకున్నాడు. కానీ ఎగ్గొట్టే మనిషి కళ్ళల్లోకి చూడదు. ఈవిడ సూటిగా తన కళ్ళల్లోకే చూస్తోంది. కళ్ళు తిప్పుకుంటున్నది అక్క. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎవరిని అనుమానిస్తున్నావురా అని తిట్టుకున్నాడు. తిట్టుకున్నా అనుమానం పోలేదు. పోవాలంటే కొలిచి చూసుకోవాల్సిందే.

నీలం కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. మొహానికి ఇంత నవ్వు పులుముకున్నాడు. ఆ నవ్వు చెదరకుండా అక్కకి సైగ చేశాడు.

"ఈ కుర్చీ పొయ్యిలోకి కూడా పనికిరాదు. దీన్ని చేసినవాడు పుట్టి బుద్ధెరిగి పిల్లలు కూర్చోవడం చూసుండడు. పాప రెండో ముద్ద తినేలోపు ముక్కు బద్దలుకొట్టుకుంటుంది. ఇలాగే చెప్పు, ఒక్క ముక్క తగ్గకుండా."

 అక్క ఆఫీసరమ్మ వైపు తిరిగి ఏదో అంది. ఆఫీసరమ్మ మొహం విచ్చుకుంది. చేతిని గుండె మీద పెట్టుకుని తలవంచింది. కుర్చీ వీపు ముద్దుగా నిమిరింది. తిట్లు తిన్న మనిషి దండ వేయించుకున్నట్టు మురిసిపోయింది.

మూలన తలదించుకుని నిలబడ్డ చేతుల మాస్టారు మాత్రం ఫక్కుమన్నాడు. వెంటనే రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పొయ్యి, బద్దలైన ముక్కు, వీటికి బడి భాష అక్కర్లేదు కదా. చేతులు చెప్పింది కళ్ళతో చూశాడు, నోరు చెప్పింది చెవులతో విన్నాడు. ఆ షెడ్డులో రెండూ అందినవాడు, అక్క కాకుండా, ఆయనొక్కడే.

 లోకంలో అందరినీ అనుమానించిన ముప్పై ఏళ్ళూ ఒకవైపు, ఈ ఒక్క క్షణం ఒకవైపు. వడ్రంగి వెళ్ళి మాస్టారి భుజం పట్టుకున్నాడు. అక్క నోటిని చూపించి, ఏమంది అన్నట్టు కనుబొమలెగరేశాడు. మాస్టారు ఈసారి బడి భాష జోలికి పోలేదు. కుర్చీ చూపించాడు, నిమిరాడు, కళ్ళకద్దుకున్నట్టు నటించాడు. కుర్చీ అద్భుతంగా ఉందని చెప్పిందట.

ఏం జరుగుతోందని ఆఫీసరమ్మ అడిగినట్టుంది. మాస్టారు చెప్పాడు. ఆవిడ మొహంలో రంగులు మారాయి. ఫైలు తెరిచి ఒక కాగితం మీద వేలు పెట్టి మెల్లగా మాట్లాడింది. మాస్టారు ఒళ్ళంతా కదిలించి ఆ మాటల్ని ఆడి చూపించాడు. పెద్ద షెడ్డు, చాలామంది పనివాళ్ళు, వాళ్ళందరి ముందూ నువ్వు, వస్తావా? తర్వాత అక్క వైపు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. రాడట. ఆఫీసరమ్మ కాగితాలు వెనక్కి తిప్పి ఇంకొకటి తీసింది. దాని మూలన సంవత్సరం ఉంది. అక్షరాలు రాకపోయినా అంకెలు మన వడ్రంగికి కొట్టినపిండి. రెండేళ్ళ కిందటిది. పని నేర్పిస్తాం, ఉండడానికి గది ఇస్తాం, వస్తావా? మాస్టారి చెయ్యి మళ్ళీ అడ్డంగా ఊగింది. రాడట.

ఆఫీసరమ్మ కాగితం కేసి చూస్తూ నిలబడిపోయింది. తమ మనుషులు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ అక్కని అడిగి, తమ్ముడి జవాబని రాసుకున్నారు. ఆ సంగతి ఆవిడకి ఇప్పుడే తగిలింది.

వడ్రంగి అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు. 

"రెండుసార్లా?"

 అక్క మేకుకున్న టోపీ వైపు చూసింది, ఉలుల వైపు చూసింది. చివరికి రెండు అరచేతులూ నిలబెట్టి మెల్లగా వెనక్కి జరిపింది. లారీ. వాళ్ళ భాషలో లారీ ఒక్కటే, ఆ రోజుదే.

"అక్కడన్నీ మిషన్లే. వెనకనుంచి ఎవరైనా కేకేస్తే నీకు వినపడదు. లాగడానికి నేనుండను."

"నువ్వు నన్ను లాగింది ఒక్కసారి," అన్నాడు వడ్రంగి చేతులతో. "ఇరవై నాలుగేళ్ళ నుంచి ఇంకా లాగుతూనే ఉన్నావు."

అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను పక్కన లేకపోతే నీ మాట ఎవరు చెబుతారు?"

"ఇప్పటిదాకా పక్కనే ఉన్నావుగా. చెప్పావా?"

అక్క కుప్పలా కూలబడింది, అక్కడే, రంపపు పొట్టులో. వడ్రంగికి కోపం తల పగిలిపోయేంత ఉంది. ఎత్తి పెంచిన చేతులని ఏం చేయాలో తెలియని బాధ అంతకంటే ఎక్కువ ఉంది. ఏం చేయాలో తెలియనప్పుడు అతను చేసేది ఒక్కటే, పని. రంపపు పొట్టు గోనెసంచీలో ఎత్తి, పాపంత బరువు చేసి మూతి కట్టాడు. నీలం కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీని కాస్త కుదిపాడు. సంచీ జారి ఆఫీసరమ్మ కాళ్ళ దగ్గర పడింది. పాప ఎదుగుతోందని కొత్తగా చేస్తున్న రెండో కుర్చీ లాక్కొచ్చి అందులో పెట్టాడు. కుదిపాడు. ఇంకా గట్టిగా కుదిపాడు. సంచీ కదల్లేదు. ఎత్తుగా లేచిన ముందు అంచు దగ్గర రెండు వేళ్ళు పెట్టి చూపించాడు. ఆఫీసరమ్మ వంగి తన రెండు వేళ్ళు కూడా అక్కడ పెట్టి చూసింది. తర్వాత డ్రైవరుకి ఏదో చెప్పింది. అతను నీలం కుర్చీని తీసుకెళ్ళి జీపులో పడేశాడు.

ఆవిడ కలం తీసింది. ఈసారి అక్కని కాకుండా వడ్రంగినే చూస్తూ అడిగింది. ప్రశ్న ఏమిటో చెప్పక్కర్లేదు. జవాబు మాత్రం ఎవరో ఒకరు నోటితో చెప్పాలి, కాగితం మీద రాయాలి. మాస్టారు ఉన్నాడు. ఆయన చెబితే అయిపోతుంది. కానీ వడ్రంగి ఆయన వైపు చూడలేదు. అక్కని చెయ్యి పట్టి లేపాడు. లేపి, ఎడమచేతి రెండు వేళ్ళు ఆవిడ గొంతు మీద ఆనించాడు.

చిన్నప్పుడు అక్క అతనికి మాటలు నేర్పాలని చూసింది. అతని వేళ్ళు తన గొంతు మీద పెట్టుకుని అక్క, అక్క అని వందసార్లు అనేది. మాట రాలేదు కానీ ఆ అదురు ఇంకా వేళ్ళకి గుర్తుంది.

కుడిచేత్తో సైగ చేశాడు. "వస్తానని చెప్పు."

గొంతు కదల్లేదు. అక్క గుటక మింగింది, అది తెలిసింది. ఆగాడు. తర్వాత వేళ్ళ కింద చిన్న అదురు. ఒక్కటే మాట. ఏ మాట? వస్తాడు అందా, రాడు అందా? రెండూ చిన్నవే. ఒకసారి కొలిచిందాన్ని నమ్మే మనిషా అతను?

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ అదే అదురు, ఈసారి కాస్త గట్టిగా. మాస్టారి వైపు తిరిగాడు. మాస్టారు రెండు వేళ్ళతో గాల్లో అడుగులు వేసి చూపించాడు. వస్తాడట. ఆఫీసరమ్మ కలం కాగితం మీద కదలడం చూశాడు. గుండెలోంచి ఏదో బరువు జారిపోయింది.

అంతలో వేళ్ళ కింద గొంతు మళ్ళీ అదిరింది. ఈసారి ఆగకుండా చాలాసేపు. తనేమీ చెప్పలేదు. చెప్పని మాట చెబుతోంది. వడ్రంగి మొహం నల్లబడింది. మళ్ళీ మొదలెట్టింది, చేతిదాకా వచ్చిందాన్ని లాగేస్తోంది అనుకున్నాడు. అక్క భుజం పట్టి తనవైపు తిప్పుకున్నాడు.

"ఏమంటున్నావు? నేనేం చెప్పలేదు."

అక్క కళ్ళు తుడుచుకుని, తడి చేతులతోనే సైగ చేసింది.

"వెనకనుంచి భుజం తట్టొద్దన్నాను. ఉలిక్కిపడతావు, చేతిలో ఉలి ఉంటుంది. పిలవాలంటే బల్ల మీద కొట్టమన్నాను. నీ అరచేతికి తెలుస్తుందన్నాను."

నిజంగానా? వడ్రంగి ఎడమచేతి వేళ్ళు అక్క గొంతు మీదే ఉంచి, కుడి అరచేయి పనిబల్ల మీద ఆనించి మాస్టారి వైపు అనుమానంగా చూశాడు. మాస్టారు బల్ల అవతలి చివరికి వెళ్ళి, పిడికిలి బిగించి, రెండుసార్లు కొట్టాడు.

అరచేతికి తెలిసింది. అప్పుడు అక్క గొంతు మీద నుంచి వేళ్ళు తీశాడు.